డాలస్‌లో ఎల్‌వీఎన్ కోర్సు: చేరాలా, నేరుగా ఆర్‌ఎన్‌కి వెళ్లాలా?

ప్లేనో_కందిపొడి
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. కాకినాడలో బీఎస్సీ బోటనీ చేశాను, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. మావారి ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది, నాకు హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1 వీసా వాళ్ల భార్యకి ఇచ్చే పని అనుమతి కార్డు) ఉంది. ఐటీ వైపు మనసు పోవడం లేదు. చిన్నవాడు ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. మాకు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్) కోర్సు ఉంది, ఏడాదిలో అయిపోతుందట. తెలిసినవాళ్లని అడిగితే సగం మంది "అది దండగ, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) చెయ్" అంటున్నారు. అత్తయ్యగారైతే ఫోన్లో "అంత దూరం పోయి ఆయా పనా" అన్నారు. నిజంగా ఏడాదేనా? లోపల ఏం నేర్పిస్తారు? ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? హెచ్‌4 మీద లైసెన్సు ఇస్తారా? ఈ పనిలో ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది. వయసు 37.

నైట్‌షిఫ్ట్_అక్క
నేను హ్యూస్టన్ దగ్గర నర్సింగ్ హోమ్‌లో ఎల్‌వీఎన్‌ని. ముందు అత్తయ్యగారి సంగతి. ఆయా పనీ కాదు, సీఎన్‌ఏ (నర్సింగ్ అసిస్టెంట్) పనీ కాదు. రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇచ్చే లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది, తేడా వస్తే పోయేదీ మీ లైసెన్సే. మందులివ్వడం, ఇన్సులిన్, గాయాలకి డ్రెస్సింగ్, ఫోలీ కాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం, పొట్టలోకి పెట్టిన ట్యూబ్ ద్వారా ఆహారం ఇవ్వడం, ట్రేకియాస్టమీ (శ్వాస కోసం గొంతు దగ్గర పెట్టిన రంధ్రం) శుభ్రం చేయడం, డాక్టరుకి ఫోన్ చేసి ఆర్డర్ తీసుకోవడం, ఇవన్నీ మా చేతి మీదే జరుగుతాయి. రాత్రి మా బిల్డింగులో చాలాసార్లు చార్జ్ నర్సుని (షిఫ్టు బాధ్యురాలిని) నేనే.

టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఎల్‌వీఎన్ అంటారు, మిగతా చోట్ల ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్). లైసెన్సు పరీక్ష ఒక్కటే, ఎన్‌క్లెక్స్-పీఎన్.

ఏడాదేనా అంటే, కోర్సు వరకు అవును. టెక్సస్ బోర్డు లెక్కలో కనీసం 1,398 గంటలు, అందులో 558 క్లాసు, 840 క్లినికల్. దాన్ని 12 నెలల్లో కుదిస్తారు కాబట్టి వారానికి నాలుగైదు రోజులు నిండా పోతాయి. క్లినికల్ రోజు ఉదయం ఆరున్నరకల్లా స్క్రబ్స్ వేసుకుని యూనిట్‌లో ఉండాలి. పిల్లల్ని స్కూలుకి ఎవరు దింపుతారు అన్నది ఇప్పుడే తేల్చుకోండి. మా బ్యాచ్‌లో మానేసినవాళ్లలో ఎక్కువమంది చదువు రాక మానలేదు, ఇల్లు కుదరక మానేశారు.

కోర్సుకి ముందు పనులు వేరే ఉంటాయి. ఎంట్రన్స్ పరీక్ష టీస్ గానీ హెసి ఏ2 గానీ. టీస్ అయితే 170 ప్రశ్నలు, 209 నిమిషాలు: రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. మీకు సైన్సు నల్లేరు మీద నడక, రీడింగ్‌లో టైము చూసుకోవాలి. అనాటమీ ముందే చేసి రమ్మంటాయి కొన్ని కాలేజీలు.

ఐసీయూ_ఆర్‌ఎన్_డీఎఫ్‌డబ్ల్యూ
అక్క చెప్పినవన్నీ నిజమే గానీ నా మాట కూడా వినండి కందిపొడి గారూ. మీకు ఆల్రెడీ డిగ్రీ ఉంది. అదే కమ్యూనిటీ కాలేజీలో ఆర్‌ఎన్ అసోసియేట్ డిగ్రీ రెండేళ్లు. ఏడాది తేడాకి జీవితాంతం తక్కువ జీతం ఎందుకు? 2023లో ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం ఎల్‌పీఎన్, ఎల్‌వీఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 59,730 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 86,070. పైగా డాలస్‌లో పెద్ద ఆసుపత్రుల వార్డుల్లో ఎల్‌వీఎన్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టాలి. మా ఐసీయూలో ఒక్కరూ లేరు. నన్నడిగితే ఎల్‌వీఎన్ వద్దే వద్దు.

నైట్‌షిఫ్ట్_అక్క
తమ్ముడూ, "రెండేళ్లు" అనేది సీటు వచ్చాక మొదలయ్యే లెక్క. అనాటమీ ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, మైక్రోబయాలజీ, ఇంగ్లీష్ కాంపోజిషన్, సైకాలజీ, ఇవన్నీ అప్లై చేయడానికి ముందు. ఇండియా క్రెడిట్లు కొన్ని కాలేజీలు తీసుకుంటాయి, కొన్ని ముట్టుకోవు. తీసుకున్నా సైన్సు ఐదేళ్లకో ఏడేళ్లకో పాతబడిందంటారు. అన్నీ కలిపితే మూడేళ్లు, ఒక్కోసారి మూడున్నర. ఆ పైన సీటుకి పోటీ. ఇంట్లో డబ్బు త్వరగా కావాలి అనుకునేవాళ్లకి ఏడాది చదివి సంపాదిస్తూ బ్రిడ్జ్ (ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్‌కి మారే కోర్సు) చేయడం తెలివితక్కువ పనేం కాదు. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే.

జీతాల లెక్క మాత్రం కాదనను. నువ్వు చెప్పిన ఆసుపత్రుల సంగతీ నిజమే. ఎల్‌పీఎన్‌లలో మూడో వంతు దాకా నర్సింగ్ హోములు, రెసిడెన్షియల్ కేర్‌లోనే ఉంటారు. మిగతావాళ్లు హోమ్ హెల్త్, డాక్టర్ల క్లినిక్‌లు, డయాలిసిస్, కొద్దిమంది ఆసుపత్రుల్లో.

ఎడిసన్_బాబాయ్
వీసా సంగతి నేను చెప్తానమ్మా. మా ఇంటావిడ హెచ్‌4 మీదే ఈ దారిలో నడిచింది.

హెచ్‌4 మీద చదువుకోవచ్చు, ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా)కి మారక్కర్లేదు. జీతం లేని క్లినికల్స్ చదువులో భాగమే. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ చేతిలో ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. పాత కార్డు గడువు అయిపోయి కొత్తది రాకపోతే డ్యూటీ ఆగిపోతుంది. కార్డు తేదీ చూసి ముందుగానే వేయండి.

ఫెడరల్ ఆర్థిక సాయం, అంటే ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌4 వాళ్లకి రాదు. గ్రీన్ కార్డు ఉంటే వస్తుంది. లోకల్ రెసిడెంట్ ఫీజు ఇస్తారా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీ అడ్మిషన్స్‌లో మీ హెచ్‌4 కాగితాలు చూపించి అడగండి. ఫోన్లో అడిగితే "ఇంటర్నేషనల్ స్టూడెంట్" అని పెట్టేస్తారు.

ఇంకోటి. ఎల్‌పీఎన్ లైసెన్సుతో హెచ్‌1 వస్తుందని, గ్రీన్ కార్డు తొందరగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. హెచ్‌1కి డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగం కావాలి, ఇది ఆ కోవలోకి రాదు. లేబర్ సర్టిఫికేషన్ (ఇక్కడ తగిన మనిషి దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) అక్కర్లేని షెడ్యూల్ ఏ జాబితాలో ఉన్నది ఆర్‌ఎన్‌లు, ఫిజికల్ థెరపిస్టులు. ఎల్‌పీఎన్‌లు లేరు.

ప్లేనో_కందిపొడి
బాబాయ్ గారూ చాలా థాంక్స్, కార్డు గడువు వచ్చే ఏడాది మార్చి. కోర్సు మధ్యలో రెన్యువల్ పడుతుంది, ఉద్యోగం లేని టైములోనే కాబట్టి పరవాలేదు అనుకుంటున్నా. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు కూడా రోజూ ఫోన్ చేస్తున్నారు. ఎంట్రన్స్ లేదు, వెయిటింగ్ లేదు, వచ్చే నెలలో చేరిపోవచ్చు అంటున్నారు. ఫీజు పాతిక వేల డాలర్లు దాటుతోంది.

ఐసీయూ_ఆర్‌ఎన్_డీఎఫ్‌డబ్ల్యూ
రోజూ ఫోన్ చేస్తున్నారంటేనే ఆలోచించాలి. కమ్యూనిటీ కాలేజీ వాళ్లు మనం చేసినా ఎత్తరు 😄

నైట్‌షిఫ్ట్_అక్క
నాలుగు రోజులు ఆ ఫోన్లు ఎత్తకండి. ముందు టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్ తెరిచి అప్రూవ్డ్ ప్రోగ్రాముల జాబితాలో ఆ స్కూలు ఉందా చూడండి. పక్కనే ఎన్‌క్లెక్స్ మొదటిసారి పాసైనవాళ్ల శాతం ఉంటుంది. అది 80 దాటాలన్నది బోర్డు పెట్టిన హద్దు. ఒక్క ఏడాది కాదు, మూడు నాలుగేళ్లవి చూడండి. తర్వాత స్కూల్ని అడగాల్సింది: క్లినికల్స్ ఏ ఆసుపత్రిలో, పిల్లల వార్డు, ప్రసూతి వార్డు ఎక్కడ చూపిస్తారు? కొన్ని స్కూళ్లు ఏడాదంతా ఒకే నర్సింగ్ హోమ్‌లో తిప్పుతాయి. ఇంకా, వాళ్ల క్రెడిట్లు తర్వాత బ్రిడ్జ్‌కి ఏ కాలేజీ తీసుకుంటుందో రాతపూర్వకంగా అడగండి. ఎవరూ తీసుకోకపోతే మీ ఆర్‌ఎన్ దారి అక్కడితో మూసుకుపోయినట్టే.

2023 జనవరిలో బయటపడ్డ ఫ్లోరిడా వ్యవహారం గుర్తుందా? మూడు స్కూళ్ల పేరు మీద 7,600కి పైగా నకిలీ డిప్లొమాలు అమ్మారని ఫెడరల్ అధికారులు కేసు పెట్టారు. ఆర్‌ఎన్ డిప్లొమాలతో పాటు ఎల్‌పీఎన్ డిప్లొమాలూ ఉన్నాయి. కొనుక్కుని పరీక్ష పాసై ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల లైసెన్సులు రకరకాల రాష్ట్రాల్లో పోయాయి. ఎంట్రన్స్ లేకపోతే దొంగ స్కూలు అనను, కానీ చూసుకుని దిగండి.

గుంటూరు_జీఎన్‌ఎం
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను గుంటూరులో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. ఇప్పుడు న్యూజెర్సీ, గ్రీన్ కార్డు ఉంది. తెలిసినావిడ "మీది డిప్లొమా కదా, ఎల్‌పీఎన్ కోర్సు మళ్లీ చేయాలి" అంది. నిజమేనా?

ఐసీయూ_ఆర్‌ఎన్_డీఎఫ్‌డబ్ల్యూ
అయ్యో, అస్సలు కాదు! డబ్బు కట్టకండి. జీఎన్‌ఎంతో ఇక్కడ ఆర్‌ఎన్‌లుగా పనిచేస్తున్న మనవాళ్లు బోలెడుమంది. మీరు రాయాల్సింది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ముందు సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (విదేశీ నర్సుల చదువు పరిశీలించే సంస్థ, ఇప్పుడు పేరు ట్రూమెరిట్) ద్వారా క్రెడెన్షియల్ మదింపు చేయించుకోవాలి. మెడికల్, సర్జికల్, పిల్లలు, ప్రసూతి, సైకియాట్రీ అన్నిట్లో థియరీ, క్లినికల్ గంటలు చూస్తారు. మన జీఎన్‌ఎంలో ఇవన్నీ ఉంటాయి. ఏదైనా సబ్జెక్టులో గంటలు తగ్గితే బోర్డు ఆ ఒక్కటే చేసి రమ్మనవచ్చు.

ఆలస్యం అయ్యేది కాగితాల దగ్గర. మార్కుల వివరాలు మీ స్కూలు నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా వాళ్లకి చేరాలి, మీ చేతికిస్తే చెల్లదు. గుంటూరులో ఎవరైనా కాలేజీ చుట్టూ తిరిగే మనిషి ఉండాలి. నాన్నగారో తమ్ముడో.

ఎడిసన్_బాబాయ్
అదే పరీక్ష హైదరాబాద్ సెంటర్లో కూడా రాయవచ్చు, దేశం బయట రాస్తే అదనంగా 150 డాలర్లు. నువ్వు ఇక్కడే ఉన్నావు కాబట్టి అక్కర్లేదమ్మా. అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్లే పని ఉంటే వేరే సంగతి.

గుంటూరు_జీఎన్‌ఎం
ఎంత పెద్ద భారం దించారో. ఎల్‌పీఎన్ అడ్మిషన్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేస్తున్నా.

మాల్టన్_మావ
కెనడా నుంచి ఒక మాట. ఇక్కడ లెక్క వేరు, అమెరికా వీడియోలు చూసి మోసపోవద్దు. ఒంటారియోలో దీన్ని ఆర్‌పీఎన్ (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్స్) అంటారు, కాలేజీ డిప్లొమా రెండేళ్లు. 2022 నుంచి ఒంటారియో, బ్రిటిష్ కొలంబియాల్లో పరీక్ష రెక్స్-పీఎన్, మిగతా చోట్ల వేరే. మా ఆవిడ బ్రాంప్టన్‌లో ఆసుపత్రి వార్డులోనే ఆర్‌పీఎన్. అమెరికాలోలాగా నర్సింగ్ హోమ్‌కే పరిమితం కాదు.

ఫ్రెస్నో_చిన్ని
కోర్సు లోపల ఏముంటుందో నేను చెప్తా, ప్రస్తుతం మూడో టర్మ్‌లో నలుగుతున్నా కాబట్టి. కాలిఫోర్నియాలో గంటలు ఇంకా ఎక్కువ: 576 థియరీ, 954 క్లినికల్, మొత్తం 1,530.

మొదట బేసిక్స్. చేతులు కడగడం దగ్గర్నుంచి పరీక్షే. నవ్వకండి, గ్లవ్స్ తీసే పద్ధతి తప్పినా ఫెయిల్. మంచం మీద మనిషిని తిప్పడం, బీపీ, బొమ్మకి కాథెటర్ వేయడం. ఇన్‌స్ట్రక్టర్ పక్కన చెక్‌లిస్టు పట్టుకుని నిలబడుతుంది, స్టెరైల్ గ్లవ్ మంచం అంచుకి తగిలిందో మళ్లీ మొదటికి. చేతులు వణుకుతాయి, అందరికీ.

తర్వాత మందులు. మనకి ఇక్కడ డబుల్ చదువు. ఇండియాలో పారాసిటమాల్ ఇక్కడ అసెటమినోఫెన్, సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటరాల్, అడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్, పెథిడిన్ ఇక్కడ మెపెరిడిన్. పైన బ్రాండ్ పేర్లు వేరే. గుంటూరు గారూ, మీకూ ఇది పనికొస్తుంది. చివరి అక్షరాలు పట్టుకుని చదివితే సులువు: లాల్ అని ముగిస్తే బీటా బ్లాకర్, ఇచ్చే ముందు పల్స్ చూడాలి. ప్రిల్ అని ముగిస్తే ఏస్ ఇన్‌హిబిటర్, పొడి దగ్గు, పొటాషియం చూడాలి.

డోసు లెక్కల పరీక్ష మా స్కూల్లో 90 శాతం దాటకపోతే క్లినికల్‌కి పంపరు. లెక్క కష్టం కాదు, ఆరో తరగతి గుణకారం. టెన్షనే కష్టం.

క్లినికల్ మొదలయ్యాక నిద్ర మర్చిపోండి. నర్సింగ్ హోమ్‌లో మొదటి రోజు వాసనకే ఒకమ్మాయి బయటికెళ్లి ఏడ్చింది. నాకు కష్టమైంది వేరే. డిమెన్షియా ఉన్న పెద్దావిడ నన్ను తన కూతురనుకుని చేయి వదల్లేదు. ఇలాంటివాటికి ఏ చెక్‌లిస్టూ లేదు.

ప్లేనో_కందిపొడి
చిన్నీ, ఇదే కావాలి నాకు. వ్యాక్సిన్లు, టీబీ టెస్టు అని ఏవో లిస్టు ఇచ్చారు. చిన్నప్పటి రికార్డులు ఎక్కడున్నాయో అమ్మకి కూడా తెలీదు.

నైట్‌షిఫ్ట్_అక్క
రికార్డులు వెతక్కండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి మూడింటికీ రక్తంలో టైటర్ (యాంటీబాడీలు చూసే) పరీక్ష చేయించుకోండి, ఇమ్యూనిటీ ఉంటే అదే రుజువు. లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, హెపటైటిస్ బి మామూలు షెడ్యూలు మూడు డోసులు ఆరు నెలలు పడుతుంది.

టీబీ దగ్గర మనవాళ్లందరూ ఇరుక్కుంటారు. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నాం కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష ఊరికే పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. క్వాంటిఫెరాన్ లాంటి రక్త పరీక్ష కావాలని అడగండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. అది కూడా పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, కంగారు పడకండి, పాజిటివ్ అంటే జబ్బు ఉందని కాదు.

ఇవి కాక వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్టు, సీపీఆర్ కార్డు. సీపీఆర్ ఆన్‌లైన్‌లో మాత్రమే చేస్తే స్కూళ్లు ఒప్పుకోవు, చేతితో చేసి చూపించే క్లాసు కావాలి.

ఐసీయూ_ఆర్‌ఎన్_డీఎఫ్‌డబ్ల్యూ
అక్కా, బ్రిడ్జ్ గురించి చెప్పండి. నేను ఒప్పుకోకపోయినా వినాలనుంది.

నైట్‌షిఫ్ట్_అక్క
ఎల్‌వీఎన్ లైసెన్సు ఉంటే ఆర్‌ఎన్ ప్రోగ్రాములో మొదటి ఏడాది దాదాపు దాటేసి రెండో ఏడాదిలోకి తీసుకుంటారు. కానీ ఆ అనాటమీ, మైక్రో అన్నీ అప్పటికి చేసి ఉండాలి, అక్కడ తప్పించుకోలేం. నేను వారాంతాల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ ఒక్కో సబ్జెక్టూ లాగించాను. ఒళ్లు హూనం అవుతుంది, దాచను. నర్సింగ్ హోమ్‌లో మెడ్ పాస్ అంటే ఒక్కదాన్నే బండి తోసుకుంటూ పాతిక ముప్పై మందికి మందులు. ప్రతిదీ టైముకి ఇవ్వాలి, మధ్యలో ఒకరు పడిపోతారు, ఒకరికి షుగర్ పడిపోతుంది, ఇంకొకరి కూతురు ఫోన్లో అరుస్తుంది. షిఫ్టు చివర మత్తుమందుల లెక్క అవతలి నర్సుతో కలిపి మాత్ర మాత్రా సరిచూడాలి. లెక్క తేలేదాకా తాళాలు చేతులు మారవు. అందుకే ఎవరైనా "ఎల్‌వీఎన్ సగం నర్సు" అంటే నాకు మండుతుంది.

అయినా హద్దులు ఉన్నాయి. రోగి వచ్చాక మొదటి సమగ్ర అసెస్‌మెంట్ ఆర్‌ఎన్‌దే, కేర్ ప్లాన్ ఆర్‌ఎన్‌దే. ఐవీ సంగతి రాష్ట్రాన్ని బట్టి.

ఫ్రెస్నో_చిన్ని
మా దగ్గర ఐవీ పెట్టడానికి విడిగా సర్టిఫికేషన్ కావాలి. అది ఉన్నా సెలైన్, రక్తం వరకే, ఐవీ మందులు ఎల్‌వీఎన్ ఇవ్వకూడదు.

ఐసీయూ_ఆర్‌ఎన్_డీఎఫ్‌డబ్ల్యూ
సరే అక్కా, "వద్దే వద్దు" అన్న మాట వెనక్కి తీసుకుంటా. ప్రీరిక్విజిట్లు (అప్లై చేసే ముందు చదవాల్సిన సబ్జెక్టులు) ఏవీ లేకపోతే, త్వరగా సంపాదన కావాలంటే మీ దారి సబబే. కానీ కందిపొడి గారి బీఎస్సీ క్రెడిట్లు కాలేజీ తీసుకుంటే మాత్రం నేరుగా ఆర్‌ఎనే. ముందు డబ్ల్యూఈఎస్ లాంటి వాళ్లతో మార్కుల మదింపు చేయించి రెండు ప్రోగ్రాముల అడ్వైజర్లకీ చూపించండి. ఆ జవాబు రాకముందు మనం ఇక్కడ ఎంత వాదించుకున్నా లాభం లేదు.

ఎడిసన్_బాబాయ్
దీనికి నా ఓటు కూడా. టెక్సస్ కాంపాక్ట్ (ఒకరి నర్సు లైసెన్సుని ఇంకొకరు ఒప్పుకునే ఒప్పందం) రాష్ట్రం కాబట్టి రెండిట్లో ఏ లైసెన్సయినా చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది, కాపురమే వేరే రాష్ట్రానికి మారిస్తే మాత్రం అక్కడి లైసెన్సుకి అప్లై చేసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ మాత్రం అందులో లేవు.

ప్లేనో_కందిపొడి
కాకినాడ నుంచి మార్కుల షీట్లు తెప్పిస్తున్నా, తమ్ముడు యూనివర్సిటీకి వెళ్తానన్నాడు. ఈలోపు టీస్ పుస్తకం కొన్నా. ఎన్‌క్లెక్స్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేయండి, చూస్తే భయమేస్తోంది.

నైట్‌షిఫ్ట్_అక్క
కోర్సు అయ్యాక బోర్డుకి అప్లికేషన్, పియర్సన్ వ్యూకి 200 డాలర్లు. టెక్సస్‌లో చట్టాల మీద జూరిస్‌ప్రూడెన్స్ పరీక్ష ఇంకోటి. ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి) వచ్చాక తేదీ పెట్టుకోవడమే. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, ఐదు గంటలు. మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. మీరు పాసు గీతకి పైనున్నారో కిందున్నారో 95 శాతం నమ్మకం కుదిరితే కంప్యూటర్ ఆగిపోతుంది. 85 దగ్గర ఆగితే పాసో ఫెయిలో అని గోళ్లు కొరుక్కోవడం ప్రతి ఒక్కరూ చేసేదే. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు వచ్చాయి, "వర్తించేవన్నీ ఎంచుకోండి" రకానికి ఇప్పుడు పాక్షిక మార్కులు ఉన్నాయి. తప్పితే 45 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. బట్టీ పడితే రాదు, "నలుగురిలో ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు" అని అడుగుతారు.

ఫ్రెస్నో_చిన్ని
రుచి చూడండి. పాపకి అసెటమినోఫెన్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున ఆర్డర్. బరువు 33 పౌండ్లు. సీసా మీద 5 ఎం.ఎల్.కి 160 మి.గ్రా. అని ఉంది. ఎన్ని ఎం.ఎల్. ఇస్తారు?

ప్లేనో_కందిపొడి
33 ని 15తో గుణిస్తే 495... అంటే 15 ఎం.ఎల్. పైన?

గుంటూరు_జీఎన్‌ఎం
పౌండ్లు అండీ! 2.2తో భాగించాలి. 15 కిలోలు, 225 మి.గ్రా., 7 ఎం.ఎల్.

ఫ్రెస్నో_చిన్ని
జీఎన్‌ఎం గారిది కరెక్టు. కందిపొడి గారిచ్చింది రెట్టింపు కంటే ఎక్కువ డోసు. ఇంకోటి, లెక్క కడితే 7.03 వస్తుంది. ఎక్కడికి రౌండ్ చేయాలో ప్రశ్నలోనే రాసి ఉంటుంది, అది చదవకుండా బాక్సులో నంబరు కొట్టొద్దు.